ముందు కోరలు బయటికి రావడం లేదు

టొరీనో, జనవరి 1991

గ్రాతో బావకి,

అక్కా నువ్వూ బాగున్నారని, మన కోన్యెలో చలి ఇంకా బాగుందని తలుస్తాను. వచ్చే నెల లిల్లాజ్ జలపాతం ఎక్కడానికి వస్తున్నా. గడ్డకట్టిన ఆ గోడ మీద మనిద్దరికీ ఇదే ఆఖరు. మార్చిలో నా మోకాలికి ఆపరేషను, ఆ తర్వాత మంచు ఎక్కే మాట మర్చిపొమ్మన్నాడు డాక్టరు.

ఒకటే చిక్కు. బూట్ల కింద బిగించే ఉక్కుముళ్ల చట్రాలు నిరుడు నువ్వే సరిచేశావు కదా, వాటి ముందు కోరలు బయటికి రావడం లేదు. వాకిట్లో చెక్కమొద్దును తన్ని చూశాను. కోరలు దిగేలోపే బూటు ముక్కు కొట్టుకుంటోంది. పార్సిల్లో పంపుతున్నాను, కాస్త ముందుకు జరుపు.

నీ బావమరిది
ఫిర్మినో

తా.క. మొద్దును తన్నడం పక్కింటావిడ చూసింది. "ట్రాము నడిపే ఉద్యోగం అంత కష్టమా నాయనా?" అంది.


కోన్యె, జనవరి

ఒరేయ్ ఫిర్మినో,

పార్సిలు అందింది. మీ అక్క ఒర్సోలా ముద్దులు పంపుతోంది, నేను తిట్లు పంపుతున్నాను. మనిద్దరివీ ఒకే రకం బూట్లు, నీవి ఒక్క సైజు పెద్దవి, అంతే కదా. అందుకని నా దుకాణంలో నా బూటుకే బిగించి చూశాను. కోరలు ఎంత రావాలో అంతా వచ్చాయి! అయినా నీ మాట కాదనలేక బూటు ముక్కును పట్టే ముందు తీగను ఒక రంధ్రం వెనక్కి మార్చి, మడమ వైపు చట్రాన్ని ఆ మేరకు పొడిగించాను. ఇంకా బయటికొస్తే గోడ మీద నీ పిక్కలు పట్టేస్తాయి, అప్పుడూ నన్నే అంటావు.

బావ
గ్రాతో

తా.క. ఈమధ్య నా పాదాలు చిక్కిపోతున్నాయి. రెండు జతల మేజోళ్లు తొడిగినా బూటులో కాలు ఈదుతోంది. ముసలితనం కింది నుంచి మొదలవుతుందని నాకెవరూ చెప్పలేదు.


టొరీనో, ఫిబ్రవరి

బావా,

కోరలు వచ్చాయి, సంతోషం. ఇప్పుడు మడమ దగ్గర లొడలొడ. గట్టిగా తన్నానో లేదో, చట్రం ఊడి పక్కింటావిడ పూలకుండీలో పడింది. వాకిట్లో అయింది కాబట్టి నవ్వాను. గోడ మీద ఊడితే కింద పడేది నేను! ఓసారి కళ్లు చూపించుకో.

ఫిర్మినో

తా.క. పండగ తిండికి పొట్టతోపాటు పాదాలు కూడా లావెక్కుతాయా? బూట్లలో వేళ్లు నలిగిపోతున్నాయి.


కోన్యె, ఫిబ్రవరి

ఫిర్మినో,

మళ్లీ బిగించి చూశాను. మడమ సీసాకి బిరడాలా పట్టింది. లోపం చట్రంలో లేదు, నీ తన్నులో ఉంది. మంచును తన్నేటప్పుడు కాలు తిన్నగా పోవాలిరా, నువ్వు అలిగిన గాడిదలా పక్కలకి విసురుతావు. ఏమీ మార్చకుండా తిప్పి పంపుతున్నాను.

గ్రాతో

తా.క. "వాడి బూట్లు కూడా తెప్పించుకుని చూస్తే పోలా?" అంది మీ అక్క. ఈ పని సంగతి నీకేం తెలుసని నవ్వాను.


టొరీనో, ఫిబ్రవరి

శ్రీ గ్రాతో గారికి,

చట్రాలు అందాయి. మీరు జారినప్పుడల్లా తాడు రెండో చివర పట్టుకుని నిలబడ్డది ఈ గాడిదే. ఈ ఏడాది నేను రావడం లేదు. ఆపరేషను ముందుకు జరిపించుకున్నాను.

ఇట్లు
ఫిర్మినో

తా.క. ముద్దులు అక్కకి మాత్రమే.


కోన్యె, మార్చి

ఫిర్మినో,

ఆసుపత్రి చిరునామాకి రాస్తున్నాను. చింపకుండా చదువు.

నిన్న ఒర్సోలా నా బూట్లకి కొవ్వు రాస్తూ, "ఇవి మా తమ్ముడివి కదూ?" అంది. బూటు నాలుక కింద సైజు చూస్తే నలభై నాలుగు. నాది నలభై మూడు. నిరుడు జలపాతం దిగాక కొండ గుడిసెలో మనం గ్రాప్పా తాగి లేచాం చూడు, అప్పుడే ఒకరివి ఒకరం తొడుక్కుని ఇళ్లకు పోయాం. నేను నీ చట్రాల్ని నీ బూట్లకే చక్కగా బిగించాను. నువ్వు వాటిని నా బూట్లకి తగిలించి తన్నావు. నా పనిలో తప్పు లేదని తేలిందిరా. ఇంత పనికిమాలిన గెలుపు నాకెప్పుడూ దక్కలేదు.

గాడిద అన్నందుకు సిగ్గుపడుతున్నాను. నీ తన్ను బాగానే ఉంటుంది. ఎన్నడూ నీతో అనలేదు, అంతే.

ఈ చలికాలం గోడ ఎలా కట్టిందో తెలుసా? నీలంగా, పైనుంచి కింది దాకా ఒక్క పగులు లేదు. ఊరివాళ్లు ఎక్కుతుంటే నేను కింద నిలబడి చూశాను. నిన్న రాత్రి వెచ్చటి గాలి లేచింది. పొద్దున్నే అటువైపు పెద్ద చప్పుడు. వెళ్లేసరికి గోడంతా కూలి గుట్టగా పడి ఉంది, దాని వెనక నీళ్లు మామూలుగా పారుతున్నాయి. నువ్వుంటే ఏదో ఒక బూతు అనేవాడివి.

మోకాలు ఎలా ఉందో రాయి. రెండు ముక్కలైనా సరే.

బావ
గ్రాతో

తా.క. నీ బూట్లు పంపడం లేదు, నావీ నువ్వు పంపకు. ఎవరివి ఎవరి దగ్గరుంటే ఏంలే ఇక.