జుగ్సలాయి సందుకు బంద్

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఎవరైనా దిద్దగలిగే ఆ ఆన్‌లైన్ మ్యాపులో నువ్వు గీసిన జుగ్సలాయి సందుకు ఎవరో 'రాస్తా బంద్' పెట్టేశారు. నీ పద్ధతి ప్రకారమే, సరిదిద్దే ముందు నడిచి వెళ్లి చూశాను. సందు తెరిచే ఉంది.

బంద్ పెట్టింది అక్కడే ఉండే నీ స్నేహితుడు అప్పన్నట. నీ ఓపిక నాకెక్కడిది, తిట్టడానికే వాళ్లింటికి వెళ్లాను.

"లారీలోళ్లు మేప్ సూసే ఇలాగ దూరిపోతన్నారని బంద్ ఎట్టేన్రా. అంబులెన్సోడూ అదే సూత్తాడని నాకేటి తెల్సు?" అన్నాడు.

ఆ అంబులెన్సు వేరే దారిన చుట్టు తిరిగి వచ్చేసరికి అప్పన్న వాళ్లమ్మ పోయింది.

మ్యాపులో సందు మళ్లీ తెరిచాను. లారీలూ మళ్లీ వస్తున్నాయి. అప్పన్న గుమ్మంలోనే కూర్చుంటున్నాడు. ఒక్క లారీనీ తిట్టడం లేదు.