నవ్వు దగ్గరే ఆగిపోయాం

సాంబన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తెలంగాణ వచ్చింది. గోదావరిఖని చౌరస్తాలో అందరూ రంగులు చల్లుకున్నారు. నేను మాత్రం నీతో తగువు పెట్టుకోవడానికి కూర్చున్నాను.

ఒకరు ఒక మాట ఇవ్వాలి, అందరం దాని మీద రాసుకురావాలి, ఇచ్చినవాడు చివర్న చదివాకే కొత్త మాట. మన టీకొట్టు రాతగాళ్లకు ఈ రూలు పెట్టింది నువ్వే. ‘నవ్వు’ అనే మాట ఇచ్చి, మర్నాటి షిఫ్టులో గని కప్పు మీద కూలి చనిపోయిందీ నువ్వే. అప్పటినుంచి ఎవరమూ ఒక్క వాక్యం రాయలేదు.

“ఇగ చాలు తమ్మీ. ‘తెలంగాణ’ అని కొత్త మాట ఇద్దాం” అన్నాడు ఓదెలన్న, పోయిన ఆదివారం అందరం టీకొట్టులో కలిసినప్పుడు.

“సాంబన్న చదవకుంట ఎట్లిస్తవన్నా?” అని అరిచాను. అందరూ లేచి వెళ్లిపోయారు.

ఉండబట్టలేక మీ క్వార్టరుకు పోయాను. “వదినా, నవ్వు మీద అన్న ఏమన్న రాసిపెట్టిండా?”

“లేదయ్యా. డ్యూటీ నుంచి వచ్చి రాస్త అన్నడు.”

వెనక్కి తిరగబోతే వదిన ఆపింది. “మీ అన్న ఎట్ల నవ్వుతుండెనో నాకెరుక. వచ్చే ఐతారం నేనొచ్చి చెప్త. ఆయన వంతు అయిపోతదా?” అంది.

అయిపోతుందన్నాను. కాళ్లావేళ్లా పడి అందరినీ మళ్లీ పోగేశాను. రేపే ఆదివారం. చివరి వంతు వదినది, మొదటిది నాది.

పొద్దుటి నుంచీ కాగితం ముందే ఉన్నాను. ఎంత తలుచుకున్నా నీ నవ్వు కళ్ల ముందుకు రావడం లేదన్నా. దవాఖానలో నీ మీద కప్పిన దుప్పటి చాలక బయటే ఉండిపోయిన నీ పాదాలే వస్తున్నాయి. వదిన ముందు అదెలా చదవను?