కల్లు తెచ్చిన ఫ్లాస్కు

2003 ఫిబ్రవరి, బుధవారం రాత్రి. పాలకొల్లు.

క్లాసులో చూపిద్దామని బేకరీలో కొన్న ఈస్టు మొగ్గ తొడగలేదు. కల్లులో ఈస్టు బాగా ఉంటుంది కదా అని పొద్దున్నే కల్లు గీసే సుబ్బారాయుడి దగ్గర ఫ్లాస్కులో తాటికల్లు పోయించుకుని కాలేజీకి పట్టుకెళ్ళాను. మైక్రోస్కోపులో కణాలు మొగ్గలు వేస్తుంటే పిల్లలు ఎగబడి చూశారు. సైక్లిన్ అనే ప్రొటీను కణంలో కొద్దికొద్దిగా పోగవుతుందని, అది చాలినంత చేరేదాకా కణం ముందుకు అడుగు వెయ్యదని చెప్పాను.

"చాలకపోతే ఏం చేస్తుందండి?" అంది వెనక బెంచీ రమణి.

"ఉన్నచోటే ఉండిపోతుంది" అన్నాను.

ఫ్లాస్కు కడగకుండా వరండాలో పెట్టడం నా బుద్ధి తక్కువ. ఇల్లుగలావిడ కామేశ్వరమ్మగారు ఉల్లిపాయ కూడా ముట్టరు. మూత తీసి వాసన చూశారట. రోజూ సాయంత్రం గిన్నెతో పెరుగు తెచ్చిచ్చే మనిషి, ఇవాళ ఉత్త చేతులతో గుమ్మం అవతలే నిలబడ్డారు.

"ఒక్కరే ఉంటారు కదా అని జాలిపడి ఇచ్చామండి ఈ పోర్షను. వచ్చే నెలకి వేరే ఇల్లు చూసుకోండి."

క్లాసు కోసమండీ అంటే సరిపోయేది. నాలుగేళ్ళు పెరుగు పోసి, ఇదేంటమ్మా అని ఒక్క మాట అడగలేదే అని ఒళ్ళు మండింది. ఆ మంట ఇప్పుడు లేదు. అన్నంలో మజ్జిగ కూడా లేదు.

నిన్నటి పెరుగు గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. తోమి, అది ఇచ్చే వంకతో రెండుసార్లు మధ్యతలుపు దాకా వెళ్ళాను. అవతల టీవీ మోగుతూనే ఉంది. రెండుసార్లూ ఉన్నచోటికే వచ్చాను.