పాణ్యంలో లేని రామసుబ్బమ్మ

ఆళ్లగడ్డ,
12-8-2006, శనివారం.

చిరంజీవి ఏంజెల్‌కు,

ప్రభువు కృప నీ హాస్టలు గది తలుపు దగ్గర కాపలా ఉండాలని కోరుకుంటూ నాయన దీవించి రాస్తున్న ఉత్తరం. నేనూ మీ అమ్మా క్షేమం. ఊరంతా క్షేమమని మాత్రం ఈసారి రాయలేను. ఆ సంగతికి వస్తాను, నిదానంగా చదువు.

పరీక్షలయ్యేదాకా మీ కాలేజీలో కంప్యూటరు గది తెరవరని రాశావు. అందుకని మొన్న మంగళవారం మన సంఘం ఫోరమ్‌లో పడింది నువ్వింకా చూసి ఉండవు. ఎవరో ఫోన్ చేసి నీకు చెప్పకముందే నా చేత్తో రాయాలని కూర్చున్నాను.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబు చెబుతాను. మీ అమ్మ మోకాలు అట్లాగే ఉంది. నువ్వు చెప్పిన వ్యాయామం చదివి వినిపిస్తే, "నర్సు చదువుతాండేది ఆడ ఉండి ఉత్తరాల్లో కాళ్లు ఊపిచ్చేదానికా? ఈడికొచ్చి నూనె రాసిపొమ్మను" అంది. నా బీపీ మాత్ర మానలేదు. ప్రసంగంలో అరవొద్దన్నావు చూడు, అది నా వల్ల కాదు తల్లీ. యెరికో గోడలు కేకలకే కూలాయి, గొణిగితే కూలలేదు.

ఇక మూడో ప్రశ్న, "జయప్రకాష్ అన్నను ఎందుకు తీసేశావు నాయనా?" అని.

ఇంటర్ సెలవుల్లో నువ్వు మన సమరయ సహాయ సంఘానికి ఆ ఫోరమ్ తెరిచి, నాకు మీటలు నొక్కడం నేర్పిపోయిన నాటి నుంచి మన పద్ధతి మారలేదు. హైదరాబాదు, బెంగుళూరు, గల్ఫులో ఉండి డబ్బు పంపే మనవాళ్లు అందులో రాసినవి నంద్యాలలో అచ్చు తీయించి, ఆదివారం ఆరాధన అయ్యాక మందిరంలో చదువుతాను. ఇక్కడివాళ్లు నోటితో జవాబు చెబుతారు. పొడుగు నోటుబుక్కులో రాసుకుంటాను. మంగళవారం బస్సెక్కి పోయి, మహేశ్ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క వేలితో కొడతాను. అక్కడివాళ్ల మాట ఇక్కడికి రావాలన్నా, ఇక్కడివాళ్ల మాట అక్కడికి పోవాలన్నా మధ్యలో ఉండేది నేనొక్కడినే.

జయప్రకాష్ మే నెలలో ఇట్లా రాశాడు: "మూడేళ్లుగా చదువుతున్నాను. ట్రైసైకిళ్లు ఇచ్చాం, పుస్తకాలు ఇచ్చాం, కళ్లద్దాలు ఇచ్చాం. ఒక్కరి దగ్గర నుంచి కూడా ఒక్క ఫిర్యాదు రాలేదు. ఒక చక్రమైనా ఊడదా? మేము వాళ్ల మాటలు వింటున్నామా, ఆనందరావు గారి ప్రసంగం వింటున్నామా?"

చదివేసరికి నాకు ఒళ్లు మండింది. నాలుగు పేజీల జవాబు కొట్టాను. నెహెమ్యా గోడ కడుతుంటే దూరంగా నిలబడి ఎగతాళి చేసిన సన్బల్లటుతో పోల్చాను అతన్ని. కింద పదకొండు మంది ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్‌లు తలకెక్కాయి. అతను మళ్లీ మర్యాదగానే అడిగితే, రాసిందీ తీసేశాను, అతన్నీ తీసేశాను. నేను సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కేవాణ్ణి. రాతి మీద ఒక అక్షరం తప్పు పడితే రాయంతా పాడైపోతుంది, అందుకే ఉలి పెట్టే ముందు పదిసార్లు చూసుకుంటాను. ఈ తెర మీద మనిషి మాటను ఒక్క నొక్కుతో లేకుండా చేయొచ్చని తెలిశాక ఆ జాగ్రత్త పోయింది నాకు. దావీదు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చి నిలదీసినప్పుడు, ఆ రాజు అతన్ని జాబితాలోంచి కొట్టేయలేదు. ఈ సంగతి ఎన్నిసార్లు ప్రసంగించానో నీకు తెలుసు. జయప్రకాష్ విషయంలో నాకది గుర్తే రాలేదు.

ఇక నీ చివరి ప్రశ్న. అది మిగతా వాటికంటే చిన్న అక్షరాల్లో రాశావు. "రామసుబ్బమ్మ అవ్వ సాక్ష్యం చదివాను నాయనా. అవ్వ నిజంగా అట్లా చెప్పిందా? అవ్వ మాట మాదిరి లేదు."

చెప్పలేదు తల్లీ. అది నా మాట.

జూన్ ఆఖరులో మనం పెట్టిన కంటి శిబిరంలో అవ్వ కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. జూలై తొమ్మిదో తారీకు ఆదివారం ఆమె లేచి, "కన్ను పీకతాండాదప్పా. చీము కారతాండాది. ముందర మసగ్గా అన్నా కనపడతాండె, ఇప్పుడు అదీ ల్యా. ఆ డాక్టరుకు తెలపండి" అంది. నోటుబుక్కులో అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాను. ఆమె తల మీద చేయి ఉంచి ప్రార్థన చేసి, చుక్కల మందు మానొద్దని చెప్పి పంపాను.

మంగళవారం మహేశ్ దగ్గర కూర్చున్నాను. రెండో శిబిరానికి అరవై మంది పేర్లు రాసిపెట్టి ఉన్నాయి. ఈ మాట బయటపడితే ఆ శిబిరం ఆగిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పేది? ఈ మాట ఫోరమ్‌లో పడితే జయప్రకాష్ గెలుస్తాడు. నా వేలు ఆగింది అక్కడ. ప్రభువు గుడ్డివాడికి చూపిచ్చిన అధ్యాయం నాకు కంఠతా వచ్చు కదా. అవ్వ పేరు పెట్టి, "చీకట్లో ఉన్న నాకు వెలుగు వచ్చింది, మీ అందరికీ నా దీవెన" అని కొట్టాను. శిబిరంలో ఆపరేషన్ చేసిన డాక్టరు మన ఫోరమ్‌లో సభ్యుడే. దాని కింద "చాలా సంతోషం" అని రాశాడు. నిజం కొట్టి ఉంటే ఆ పూటే ఫోన్ చేసేవాడు.

రెండు వారాల తర్వాత నాకు గొంతు పోయింది. ఆ ఆదివారం కాగితాలు సంజీవయ్య సారు చదివాడు. నేనైతే ఏది వదలాలో చూసుకుని చదివేవాణ్ణి. ఆయన బడిపంతులు, హాజరు పిలిచినట్టు అన్నీ చదివేశాడు: "ఆళ్లగడ్డ రామసుబ్బమ్మ అవ్వ కన్ను తెరిచిన దేవునికి స్తోత్రం. అవ్వ సాక్ష్యం చదివి ఇంటిల్లిపాదీ ఏడ్చాం." బెంగుళూరు నుంచి ఒక సోదరి రాసింది అది.

ఆడవాళ్ల చాప మీద నుంచి అవ్వ లేచింది, కొంగు కంటికి అదుముకుని.

"ఆగప్పా సంజీవయ్యా. ఎవురి కన్ను తెరిసినాడంట?"

"నీదే అవ్వా. నువ్వే చెప్పినావంట గదా."

"నేనా? కన్ను పీకతాండాదని గదప్పా నేను చెప్పింది! ఈ ఆనందే రాసుకున్యాడు. ఏమిరా ఆనందూ, రాసుకోల్యా నువ్వు?"

అందరూ నా వైపు తిరిగారు. లేని గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో, "అది నీది కాదు పెద్దమ్మా. పాణ్యంలో ఇంకో రామసుబ్బమ్మ ఉండాది. ఆమె సాక్ష్యం అది. ఊరి పేరు తప్పు పడింది" అన్నాను. వేదిక మీద నిలబడి, బైబిలు చంకలో పెట్టుకుని అన్నాను ఆ మాట.

నాగేశ్వరమ్మ పకపకా నవ్వి, "దేవుడు గూడ అడ్రసు తప్పినాడు పో అవ్వా!" అంది. మందిరమంతా నవ్వింది. అవ్వ కూడా నవ్వి కూర్చుంది.

ఇంటికి రాగానే మీ అమ్మ నోటుబుక్కు తెచ్చి నా ముందు పడేసింది. "ఎవురయ్యా ఆ పాణ్యం ఆమె? ఇరవై రెండేండ్లు కాపురం చేస్తాండా, నాకు తెలీకుండా ఆమె యాడి నుంచి వచ్చె? ఇదో, నీ చేతి రాతే. ఈ మాట యాడ పోయింది?" అంది. నేను వాక్యం ఎత్తబోయాను. "వాక్యం నాకొద్దు. ఆ యమ్మను ఆసుపత్రికి తీసకపో" అంది.

సోమవారం పొద్దున్నే నంద్యాలకు తీసుకుపోయాను. ఆ కన్ను పోయింది ఏంజెల్. రెండు వారాల ముందు తెచ్చి ఉంటే ఏదైనా చేసి చూసేవాళ్లమని అక్కడి డాక్టరు అన్నాడు. నువ్వు చదువుకున్నదానివి, ఆ రెండు వారాలంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. ఎడమ కంట్లో కూడా శుక్లం ముదిరింది. దానికి ఆపరేషన్ చేయించకపోతే ఆమెకు మిగిలేది చీకటే. "మళ్లా కత్తి ముట్టనియ్యను, ఉన్నంత కాలం ఈ మసకతోనే సచ్చిపోతా" అని మంచం పట్టుకు కూర్చుంది.

ఈలోపు నేను పుట్టించిన పాణ్యం మనిషి మందిరంలో పెరుగుతూ పోయింది. "ఆ అవ్వకు విశ్వాసముండాది, కన్ను వచ్చె. ఈమెకు ల్యాకపాయ" అన్నారు ఒకరు. "ఆమెను ఒకసారి పిలిపీ అన్నా, సాక్ష్యం ఇందాం" అని నాగేశ్వరమ్మ రెండుసార్లు అడిగింది. నేను నోరు తెరవలేదు. అందరినీ గద్దించే నోరు ఇది.

తెరిపించింది అవ్వే. ఆసుపత్రిలో నాలుగో రోజు గంజి తాగిస్తుంటే నా చేయి పట్టుకుని, "ఒరే ఆనందూ, ఆ పాణ్యం ఆమె ఏం మందు ఏసుకున్యాదో కనుక్కోరా. ఈ ఎడం కన్నుకైనా పనికొస్తాదేమో" అంది.

గిన్నె కింద పెట్టేశాను. "ఆమె లేదు పెద్దమ్మా" అన్నాను.

"సచ్చిపోయెనా?"

"లేదు. ఎప్పుడూ లేదు. నేనే పుట్టిస్తి. నీ మాట మార్చి కొట్టింది నేనే."

ఆమె గోడ వైపు తిరిగింది. తిడుతుందని చూశాను. "ఆ యమ్మ కోసరం గూడ దినామూ ప్రార్థన చేస్తాంటి గదరా" అంది.

అంతకంటే పెద్ద తిట్టు నాకింతవరకు ఎవరూ తిట్టలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, మొన్న మంగళవారం ఆమే బస్సెక్కి నాతో మహేశ్ సెంటరుకు వచ్చింది. "నేను చెప్పిందే కొట్టు, నా ముందర కొట్టు" అని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె చెబుతోంది, నేను కొడుతున్నాను. "ఈ ఆనందరావు అబద్ధం చెప్పినాడు" అంది. నా వేలికి అలవాటు పోలేదు తల్లీ, "పొరపాటు పడ్డాడు" అని కొట్టింది. అవ్వకు అనుమానం వచ్చి, "మహేశా, నువ్వు చదువు నాయనా. వీన్ని నేను నమ్మను" అంది. మహేశ్ చదివాడు.

"పొరపాటంటనా? అన్నంలో ఉప్పు ఎక్కువైతే అది పొరపాటు. మార్చు."

మార్చాను. కింద నా పేరుతో, ఆ తొమ్మిదో తారీకు నుంచి జరిగిందంతా రాశాను. జయప్రకాష్ రాసినవి నా ఫైల్లో అచ్చు కాగితాలు ఉంటే, వాటిని మళ్లీ కొట్టి పెట్టాను. అతన్ని మళ్లీ చేర్చాను.

శుక్రవారం పోయి చూశాను. తొమ్మిది మంది వెళ్లిపోయారు. బెంగుళూరు సోదరి, "మేము కార్చిన కన్నీళ్లకు ఎవరు జవాబు చెబుతారు?" అని అడిగింది. ఇంకొకాయన నన్ను వేదిక దిగమన్నాడు. ఒక్కటి కూడా తీయలేదు. తీయాలన్నా తీయలేను, పాస్‌వర్డు మార్చి సంజీవయ్య సారు చేతిలో పెట్టాను. ఆపరేషన్ అయిన ప్రతి మనిషినీ మూడో రోజు, ఏడో రోజు పోయి చూసి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసేటట్టయితేనే రెండో శిబిరం అని మన శిబిరం డాక్టరు రాశాడు. అరవై గడపలూ తిరుగుతాను. జయప్రకాష్ నన్ను ఒక్క మాట అనలేదు. "అవ్వ రెండో కన్నుకు ఎప్పుడు వెళుతున్నారు?" అని మాత్రం అడిగాడు. సన్బల్లటు అన్నాను ఇతన్ని.

నేను పారిపోను ఏంజెల్. నీనెవెకు పొమ్మంటే ఓడెక్కిన యోనా గతి ఏమైందో ఊరూరా చెప్పినవాణ్ణి. వేదిక నాకు ఉంటుందో ఊడుతుందో సంఘం ఇష్టం. నువ్వు కూడా పరీక్షలయ్యాక ఫోరమ్‌లో రాయి. నాయన అని వెనకాడవద్దు, చదువుతున్న నర్సుగా రాయి. ఎంత గట్టిగా రాస్తే అంత గట్టిగా మందిరంలో చదివిస్తాను.

ఒక్కటి మిగిలింది. ఫోరమ్‌లో ఒప్పుకున్నాను గాని మందిరంలో ఇంకా ఒప్పుకోలేదు. ముప్పయ్యో తారీకు ఆదివారం అవ్వతో ఆసుపత్రిలో ఉన్నానన్నది సాకు. ఆరో తారీకుకు సాకు కూడా లేదు, భయపడ్డాను. రేపు ఆదివారం. పొద్దున అవ్వ ఇంటికి పోయి, "రేపు లేచి చెబుతా పెద్దమ్మా. రెండో కన్ను సంగతి డాక్టరుకు ఏమని చెప్పమంటావు?" అని అడిగాను.

ఆమె చింతపండు గింజలు తీస్తూ, వేళ్లతోనే వెతుక్కుంటూ అంది: "నన్ను ముందర కూర్సోబెట్టు. ఈ కన్నుకు దూరం ఆనదు. నువ్వు చెప్పేటప్పుడు నీ మొగం సూడాల నేను. సూసినాక చెప్తా, రెండో కన్ను నీ చేతికియ్యాల్నో వద్దో."

సాయంత్రం మందిరానికి పోయి, వేదికకు రెండడుగుల దూరంలో ఆమెకు చాప వేసి వచ్చాను.

ఇట్లు,
రేపు ఆ చాప ముందు నిలబడే
నీ నాయన,
ఆనందరావు.