కారు మూడు, మన మూడు

దెరెజే, చర్చి నుంచి రాగానే ముందు కరెంటు మీటరు కార్డు రీచార్జి చేయించు. కారు చార్జింగులో ఉన్నంతసేపూ ఇంజెర రొట్టెల కరెంటు పెనం వెయ్యకు, ఫ్యూజు పోతుంది.

మీ అమ్మని కంటి ఆపరేషనుకి టాక్సీలో తీసుకెళ్తున్నా. మన కారు ఏమైందంటావా? రాత్రి చార్జింగు మూడింటికి మొదలవ్వాలని పెట్టింది నువ్వే కదా! మనకి పొద్దు గూకాక మూడో గంట మూడు. ఆ పరాయి దేశపు కారుకి అర్ధరాత్రి దాటాక మూడో గంట మూడు, అంటే మన తొమ్మిది. అది తెల్లవారుజామున మొదలెట్టింది, అరగంటకే కరెంటు పోయింది. ఇప్పుడు పదకొండు శాతం ఉంది. పెట్రోలు బాధ లేదు, కరెంటుకి కాఫీ ఖర్చంత కూడా అవదని అడిస్ అబాబా అంతా చెప్పుకుంటావుగా? నెల కరెంటు డబ్బులు ఈ ఒక్క టాక్సీకే సరి. మీ అమ్మేమో "తప్పు కారుదే, నా కొడుకుది కాదు" అంటోంది. పొద్దు పొడిచాక మూడో గంటకి, అంటే మన మూడింటికల్లా అక్కడుండాలి. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

అస్నకెచ్

గేటు దాకా వెళ్లి తిరిగొచ్చి రాస్తున్నా. ఆసుపత్రి కాగితం మళ్లీ చూశా. డాక్టరు విదేశాల నుంచి వచ్చినాయన, ఆయన రాసిన మూడు కూడా కారు మూడే. అంటే మధ్యాహ్నం, మన తొమ్మిది. టాక్సీని పంపేశా. కరెంటొచ్చింది, కారు చార్జింగుకి పెట్టా. ఇద్దరం పక్కింటి యిర్గాలెమ్ దగ్గర కూర్చున్నాం, వచ్చి పిలువు. నవ్వావంటే ఊరుకోను. మీ అమ్మ ఇప్పుడు "తప్పు డాక్టరుదే, నా కోడలిది కాదు" అంటోంది.