కరెంటు చుట్టా, గలినాటో వారి పరువూ

బురాయోక్, ఇలోకోస్ సూర్
జనవరి 19

తల్లీ ఫెలీ,

మీ ఎలిసియో బాబాయి, కొన్సింగ్ పిన్ని ఇద్దరి దీవెనలూ అందుకో. ఫోన్లో నువ్వు చెప్పేది నా చెవులకి సగమే అందుతుంది, మిగతా సగం నేను ఊహించుకుంటే మీ పిన్ని తిడుతుంది. అందుకే ఈ ఉత్తరం. మనీలా బస్సు కండక్టరు చేతికిచ్చాను. వెంట వెల్లుల్లి సాసేజీల దండ కూడా ఉంది, లెక్క చూసుకో, కండక్టరు మంచివాడే గానీ ఆకలి ఎక్కువ.

నిన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు కర్రలు ఎక్కిస్తుంటే రేడియోలో నీ పేరు విన్నాను. కరెంటు సిగరెట్ల మీద మార్చిలో చట్టసభ కమిటీ విచారణ పెడుతోందట, ఆసుపత్రి వాళ్ల తరఫున ఫెలిసిదాద్ గలినాటో అనే హెడ్ నర్సు మాట్లాడుతుందట. పైకర్ర మీద నుంచే కేకేశాను, "అది మా అన్న కూతురు" అని. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. కరెంటు సిగరెట్ కంపెనీల నోరు మూయించి మన ఆకు పరువు నిలబెట్టడానికి మా ఇంటి పిల్ల వెళ్తోందని అందరికీ చెప్పాను. పన్నెండేళ్లుగా పొగాకు రైతుల సంఘానికి అధ్యక్షుణ్ణి, ఇంత గర్వంగా ఎప్పుడూ తల ఎత్తలేదు. నువ్వు వచ్చాక పందిని కోస్తాం.

మన సంఘం కార్యదర్శి మమెర్తో నీకు ఉపన్యాసం రాసిపెట్టాడు. తొమ్మిది పేజీలు. నాలుగో పేజీలో ఆకు మెరుపు గురించి ఉంది, అది మాత్రం వదలకు.

నీ పేరు చెప్పుకు తిరుగుతున్న
ఎలిసియో బాబాయి

తా.క. మీ పిన్ని ఇంకా అడ్డపొగే పీలుస్తోంది, నిప్పు నోట్లో పెట్టుకుని. కరెంటు చుట్టలో నిప్పే ఉండదటగా, మరి నోట్లో ఏ కొస పెట్టుకోవాలి అని అడుగుతోంది.

కేసోన్ సిటీ, మనీలా
జనవరి 28

బాబాయ్,

దీవెన కోసం మీ చేయి నా నుదుటికి ఆనించుకున్నట్టే అనుకోండి. సాసేజీలు అందాయి. దండలో నడుమ ఒక చోట తాడు మాత్రమే ఉంది, కండక్టరుకి నా నమస్కారాలు చెప్పండి.

మమెర్తో గారి తొమ్మిది పేజీలూ చదివాను. ఆకు మెరుపు దగ్గర నాకు నిజంగానే ఊరు గుర్తొచ్చింది. కానీ బాబాయ్, నేను చదవబోయేది అది కాదు. నేను ఆకు తరఫునా కాదు, కంపెనీల తరఫునా కాదు. అన్నిటికన్నా మంచిది పూర్తిగా మానెయ్యడం అని చెబుతాను. ఎంత ప్రయత్నించినా మానలేనివాళ్లకి, కాల్చి పీల్చే పొగకన్నా కాల్చకుండా పీల్చే ఆవిరితో హాని తక్కువ అని చెబుతాను. తక్కువ అంటే తక్కువే, లేదని కాదు. పొగ అలవాటు లేనివాళ్లు దాన్ని ముట్టుకోకూడదనీ, బడి పిల్లలకి మిఠాయి వాసనలతో అమ్మేవాళ్లని ఆపాలనీ చెబుతాను. "మానేయండి" అంటే అందరూ మానేసేవాళ్లయితే నాకు ఈ ఉద్యోగమే ఉండేది కాదు.

ఇంకో మాట. ఫోన్లో మీ మాటకన్నా మీ దగ్గే ఎక్కువ వినపడుతోంది. ఒక డబ్బా పంపుతున్నాను. అందులో ఆవిరి పీల్చే పరికరం, దాని వాడకం కాగితం, నికోటిన్ పట్టీలు ఉన్నాయి. ముందు పట్టీలతో ప్రయత్నించండి. కుదరకపోతేనే పరికరం. అది వాడితే సిగరెట్ పూర్తిగా ఆపాలి, రెండూ కలిపి పీలిస్తే లాభం లేదు.

మీ ఫెలి

తా.క. దానికి అగ్గిపుల్ల గీయకండి. పట్టీలు భుజానికి అంటించుకోవాలి, మోకాళ్లకి కాదు.

బురాయోక్
ఫిబ్రవరి 9

ఫెలిసిదాద్,

పూర్తి పేరుతో పిలిచానంటే నేనెలా ఉన్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది.

నీ డబ్బా అందింది. మీ పిన్ని అలవాటు కొద్దీ ఆ పరికరాన్ని తిరగేసి, ఛార్జింగు పెట్టే కన్నం వైపు నోట్లో పెట్టుకుని అరగంట పీల్చింది. ఏమీ రాలేదు. "మనీలా వస్తువులన్నీ ఇంతే" అని పక్కన పడేసింది.

అసలు గొడవ అది కాదు. నీ ఉత్తరం చదివి వినిపించమని సంఘం వాళ్లు పట్టుబట్టారు. అద్దాలు ఇంట్లో మరిచిపోయి మమెర్తోకి ఇచ్చాను. తన తొమ్మిది పేజీలు నువ్వు పక్కన పెట్టావన్న చోటే వాడి మొహం మాడిపోయింది. "పొగకన్నా ఆవిరితో హాని తక్కువ" అన్నది మాత్రం రెండుసార్లు చదివి, మిగతాది మడిచి జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి నువ్వు కంపెనీ మనిషివయ్యావు. సాయంత్రానికి కంపెనీ వాళ్లు నీకు సింగపూర్లో ఇల్లు కట్టించారు. మర్నాటికి దానికి రెండంతస్తులు లేచాయి. నేను నమ్మలేదు, ఒక్క అంతస్తు తప్ప.

నీ నర్సు చదువు ఈ ఆకు మీదే సాగిందమ్మా. అయిదు తరాలుగా ఈ నేలని నమ్ముకున్నాం. మా ఆకుని మోకాలి మీద పరిస్తే పట్టుగుడ్డలా జారుతుంది. దాన్ని పట్టుకుని నువ్వు విషం అంటావా?

విచారణ రోజు మనవాళ్లు కొందరు బ్యానరు పట్టుకుని మనీలా వస్తారు. "ఫెలిసిదాద్ గలినాటో, మా పొట్ట కొట్టకు" అని రాయించమన్నాను. గుడ్డ చాలక ఫెలిసిదాద్ ఎగిరిపోయింది, గలినాటో మిగిలింది. ఆరబెట్టడానికి మన గేటుకే కట్టాం. దారిన పోయేవాళ్లు ఆగి నన్ను చూసి, "ఏం చేశావయ్యా ఎలిసియో" అని అడుగుతున్నారు.

నీ డబ్బా బీరువాలో పిన్ని చర్చి ముసుగు కింద ఉంది. అక్కడే ఉంటుంది.

ఇప్పటికీ నీ బాబాయినే,
ఎలిసియో గలినాటో, అధ్యక్షుడు

తా.క. పట్టీలు పిన్ని మోకాళ్లకే అంటించుకుంది. నొప్పి తగ్గిందంటోంది, ఇంకో రెండు పంపమంది. మనం మాట్లాడుకోవడం లేదన్న సంగతి వేరు.

కేసోన్ సిటీ
మార్చి 21

బాబాయ్,

చేయి ఇస్తారో లేదో తెలియదు, అయినా తల వంచుతున్నాను.

నిన్న విచారణ అయింది. మీ బ్యానరు చట్టసభ గేటు దగ్గరే కనపడింది. దాని కింద ఎండలో ఎనిమిది మంది నిలబడి ఉంటే మంచినీళ్లూ, బియ్యప్పిండి అప్పాలూ తెప్పించి ఇచ్చాను. వాళ్లలో నన్నెరగని ఒకాయన అప్పం తింటూ, "ఆ గలినాటో నర్సు ఎలా ఉంటుందమ్మా, వస్తే కాస్త చూపించు" అన్నాడు. చూపిస్తానన్నాను.

లోపల అందరికీ నా మీదే కోపం. పూర్తిగా నిషేధించాలనే డాక్టర్లు నేను అమ్మకందార్లకి తలుపు తీశానన్నారు. అమ్మకందార్ల మనిషి నేను కొనేవాళ్లని బెదరగొడుతున్నానన్నాడు. ఒక సభ్యుడు, "ఇంతకీ నువ్వు ఎవరి మనిషివి" అని అడిగాడు. "మా ఆసుపత్రిలో ఊపిరాడక ఆరో నంబరు గది ముందు వరసలో కూర్చునే వాళ్ల మనిషినండీ" అన్నాను. తరవాత ఆయన, "మీ ఇంట్లో ఎవరైనా నీ మాట విన్నారా" అన్నాడు. "ఇంకా లేదండీ" అన్నాను. గది మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను, ఆ తరవాత కాగితం మీద అక్షరాలు కనపడలేదు.

నాన్న పోయేముందు "ఎలిసియోకి చెప్పు" అన్నాడు. ఏం చెప్పాలో చెప్పేలోపు ఊపిరి అందలేదు. పదకొండేళ్లుగా ఆ మిగతా మాట ఏమై ఉంటుందో ఊహించి నేను మీకు చెబుతున్నాను. మీ ఆకుని నేను తక్కువ చెయ్యలేదు బాబాయ్. దాన్ని పండించిన చేతులే నన్ను చదివించాయని ఆ సభలో మొదటి మాటగా చెప్పాను. ఎవరూ రాసుకోలేదు.

మీ ఫెలి

తా.క. సింగపూర్ ఇంటి తాళాలు ఎవరి దగ్గరున్నాయో మమెర్తో గారిని కనుక్కోండి. ఇక్కడ నా అద్దె గది కిటికీ కింద ఇంటామె మూడు పుంజుల్ని పెంచుతోంది, తొందరగా మారిపోవాలని ఉంది.

బురాయోక్
ఏప్రిల్ 14

ఫెలీ, నా తల్లీ,

చేయి ఇస్తున్నాను. రెండూ ఇస్తున్నాను.

కమిటీ ముందు నువ్వు అబద్ధం చెప్పావు. నీ తప్పు కాదు, నీకు తెలియదు. ఆ రోజుకి నేను ఆఖరి సిగరెట్ వెలిగించి ముప్పై ఒక్క రోజులు.

నీ డబ్బా వచ్చిన రోజే బ్యారన్ ఎక్కబోయి నాలుగో మెట్టు దగ్గర కూలబడ్డాను. ఊపిరి పైకి రాలేదు, కిందికీ పోలేదు. అన్నయ్య గుర్తొచ్చాడు. కింద ఆకు అందిస్తున్న ఆడవాళ్లకి కాలు జారిందని చెప్పాను. పట్టీల సంగతి నీకు తెలుసు, పిన్ని మోకాళ్ల మీద ఉన్నాయి. మిగిలింది పరికరం. రెండు వారాలు సిగరెట్టూ అదీ కలిపి పీల్చాను, సరిగ్గా నువ్వు వద్దన్నదే. ఫిబ్రవరి పదిహేడున సిగరెట్ ఆపేశాను. ఆవిరి ఇంకా వదల్లేదు, కానీ మెట్లు ఎక్కుతున్నాను. నీకు ఆ కోపం ఉత్తరం రాసింది కూడా అది పీలుస్తూనే. పొగాకు సంఘం అధ్యక్షుడు పొగ మానేశాడంటే ఊరు ఏమంటుందోనని బాత్రూంలో దాక్కుని పీల్చేవాణ్ణి. నాకు విరేచనాలని పిన్ని ఊరంతా చెప్పింది.

మొన్న ఆదివారం జిల్లా రైతుల సభ జరిగింది. మూడు వందల మంది వచ్చారు. నువ్వు రైతుల శత్రువువని మమెర్తో తీర్మానం రాశాడు, చదవాల్సింది నేను. నీ పేరు దాకా చదివాను. ఆ తరవాత కాగితం మడిచాను.

"అద్దాలు మరిచిపోయావా" అన్నాడు మమెర్తో.

"లేదు, ఈసారి తెచ్చుకున్నాను" అన్నాను. అందరికీ వినపడేలా నీ జనవరి ఉత్తరం మొత్తం చదివాను, వాడు జేబులో పెట్టుకున్న ముక్క కూడా. అది మీ పిన్ని వాడి చొక్కాలోంచి ఎలా తెచ్చిందో అడగకు. తరవాత నా మెట్ల సంగతి చెప్పాను. "మన ఆకుకి ఈ జిల్లాలో సాటి లేదు. అది నా గర్వం. కానీ మా అన్నకి అరవై నిండకుండానే ఊపిరి ఆగిపోయింది. ఆయన మీద ఒట్టేసి చెబుతున్నాను, ఆ పిల్ల మన పొట్ట కొట్టలేదు, నా ప్రాణం నిలబెట్టింది. ఈ మాట నచ్చకపోతే ఇంకో అధ్యక్షుణ్ణి చూసుకోండి" అన్నాను.

వెనక నుంచి ఎవరో, "అందరికీ అలా చెబితే రేపు ఆకు ఎవరు కొంటారు" అన్నారు. వచ్చే సభలో ముందు దాని గురించే మాట్లాడదామన్నాను తల్లీ. చేతులెత్తమన్నారు. నలభై మూడు ఓట్ల తేడాతో తీర్మానం ఓడిపోయింది. కుర్చీ నాకే ఉంచారు. వెలిగించని సిగరెట్ నోట్లో పెట్టుకుని ఫోటోలకి నిలబడమన్నారు, ఒప్పుకోలేదు.

సభ అయ్యాక ఇంటికొస్తే పెరటి వైపు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. అందరిదీ ఒకే మాట. మా కజిన్‌కి దగ్గు ఎక్కువగా ఉంది, మీ అమ్మాయి చేసే వైద్యం ఏమిటి అని. ముందు మానెయ్యమంటుంది, అది కుదరకపోతే చూద్దామంటుంది అని చెప్పాను. మే నెల మొదటి శనివారం ఆకు గ్రేడింగు షెడ్డు ఖాళీగా ఉంటుంది. నీ ఊపిరి కొలిచే యంత్రం తీసుకుని రా. షెడ్డు గోడ మీద నీ పూర్తి పేరు రాయించాను, ఈసారి గోడ చాలింది.

మీ నాన్న తరఫున కూడా గర్వపడుతున్న
బాబాయి

తా.క. పేర్లు రాయించుకున్నవాళ్లు ఇరవై ఆరుగురు. ఇరవై ఇద్దరు కజిన్ల కోసమే అంటున్నారు. మమెర్తోకి అయితే అసలు కజిన్లే లేరు, అయినా ముగ్గురి పేర్లు రాయించాడు, మూడు చోట్లా ఉన్నది వాడి సొంత పేరే.