గడప లేని తలుపు

హాలియా,
12-5-1965

చిరంజీవి సౌభాగ్యవతి సోమమ్మకు,

నేను ఇక్కడ క్షేమమే. కొల్లాపూర్‌లో నువ్వు, పిల్లలు, అమ్మ క్షేమమని నీ ఉత్తరంలో చదివి నిమ్మళపడ్డాను. అమ్మను మోకాళ్ళకు దవాఖాన నూనె మానవద్దని చెప్పు. మేక ఈనిందని రాశావు, సంతోషం.

మిగతా ఉత్తరం చదివితే మాత్రం ఒళ్ళు మండింది. "ఇస్రాయేలు పని పోయిందట. వాళ్ళ చేతిపని గంతే. మన కొలువు నిలబడ్డది, గదే పదివేలు" అని రాశావు. మళ్ళీ చదవలేక మడిచి పెట్టెలో పడేశాను. ఆ చేతి సంగతి నీకేం తెలుసు? నాకు అద్దం బిగించడం నేర్పిందే ఆ చెయ్యి.

ఆ తలుపులేమిటని అడిగావు. ఇక్కడ పెద్దల కోసం కట్టిన బంగళాలో చల్లగాలి మిషను పెట్టారు. చల్లదనం బయటికి పోకుండా టేకు తలుపులకు రెండేసి అద్దాలు బిగించాలి. అద్దాల నడుమ వేలెడు సందు ఉంచి, చుట్టూ సన్నటి చెక్క బద్ద పెట్టి, పైన లప్పంతో మూయాలి. అద్దాలు బిగించేది నేను, లప్పం పెట్టేది ఇస్రాయేలు.

పన్నెండింటిలో పదకొండు తలుపులు బాగున్నాయి. మిషను నడిపిన రోజే మొదటి తలుపు అద్దాల నడుమ ఆవిరి పట్టింది. ఇటు తుడిచినా పోదు, అటు తుడిచినా పోదు. ఓవర్సీయర్ రఘుపతి వచ్చి, "గీ లప్పం సక్కగ పెట్టలే. తేమ గీడికెల్లే పోయింది" అన్నాడు. "జర బద్ద ఇప్పి చూడుండ్రి సారూ" అని ఇస్రాయేలు రెండుసార్లు బతిమాలాడు. చూస్తేగా. పదిమందిలో తిట్టి, సాయంత్రానికల్లా పనిలోంచి తీసేశాడు. ఆ రఘుపతి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ నేను నోరెత్తలేదు.

ఎందుకెత్తలేదో ఇప్పుడు చెబుతున్నాను. మొదటి తలుపు పెట్టేటప్పుడు గడపకు రాయమని నువ్వు పసుపు పొట్లం పంపావు. ఆ బంగళాలో గడపలే లేవు, అంతా నున్నటి గచ్చు. నువ్వు పంపింది వృథా చేయబుద్ధి కాక, నీళ్ళలో కలిపి ఆ నడిమి బద్దకు నాలుగు పక్కలా పూశాను. ఆరకముందే రెండో అద్దం పెట్టేశాను. తడి చెక్కను మూయకూడదని చిన్నప్పటి నుంచీ తెలిసినవాణ్ణి. ఆ తేమ నేను పెట్టిందే, సోమమ్మా.

ఇస్రాయేలు నా వేళ్ళకున్న పసుపు చూశాడు. అతను ఊరికి బయలుదేరినప్పుడు బస్సు దగ్గర, "ఎందుకు చెప్పకపోతివన్నా" అని అడిగాను. "అది నువ్వు చెప్పాల్సిన ముచ్చట. నేను చెప్తే ఎవడు నమ్ముతడు?" అని బస్సెక్కాడు. అప్పటినుంచి నా మీద నాకే అసహ్యంగా ఉంది.

శనివారం ఇంజనీరు వస్తున్నాడు. ఆయన కళ్ళముందే బద్ద ఊడదీసి పసుపు చూపిస్తాను. నన్ను వెళ్ళగొడితే వస్తాను. ఇస్రాయేలును మళ్ళీ పిలుస్తారో లేదో తెలియదు, అడగడం మాత్రం మానను.

ఇస్రాయేలు పెళ్ళాం జానమ్మ బజారులో నిన్ను చూసి ముఖం తిప్పుకుంటోందని దెప్పావు. తిప్పుకోక ఏం చేస్తుంది? ఈ ఉత్తరం పట్టుకుని వాళ్ళింటికి పో. వాకిట్లోనే నిలబడకు, లోపలికి పోయి కూర్చో. మొగుడూ పెళ్ళాల ముందు మొదటినుంచి చివరిదాకా చదువు. నా తప్పు దగ్గరా, నువ్వు రాసిన ఆ మాట దగ్గరా గొంతు తగ్గించకు.

ఇట్లు,
నీ పెనిమిటి
దశరథం